పీఎల్‌ఎఫ్‌ఎస్ డేటాతో ఎమ్మే డిజర్టేషన్: డౌన్‌లోడ్ నుంచి వేతన రిగ్రెషన్ దాకా ఎలా చేయాలి

"ఎకనామెట్రిక్స్ పేపర్లో మార్కులు బాగానే వచ్చాయి. పీఎల్‌ఎఫ్‌ఎస్ తీసుకుని ఏదైనా చెయ్యమని గైడ్ అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు." ఎమ్మే, ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు అడిగేది తిప్పితిప్పి ఇదే. పీఎల్‌ఎఫ్‌ఎస్ అంటే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే, ఉపాధి, నిరుద్యోగం, జీతాల మీద కేంద్ర ప్రభుత్వం ఇంటింటికీ వెళ్లి చేసే సర్వే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఉదాహరణకి పాత ప్రశ్నే తీసుకుందాం: చదువు ఒక ఏడాది పెరిగితే జీతం ఎంత పెరుగుతుంది? 1974లో ఆర్థికవేత్త జాకబ్ మిన్సర్ స్థిరపరచిన సమీకరణం ఇది. కొత్తదనం ఏముందని గైడ్ అడగొచ్చు. కొత్తదనం మీరు తీసుకునే రాష్ట్రంలోనో, వర్గంలోనో, కాలంలోనో చూపించుకోవచ్చు. పద్ధతి మాత్రం ముందు ఇలాంటి తెలిసిన ప్రశ్న మీదే చేతికి పట్టాలి.

ఇందులో నేను గట్టిగా పట్టుబట్టే షరతు ఒక్కటే. ప్రభుత్వ నివేదికలో అచ్చయిన అంకె మీ ల్యాప్‌టాప్‌లో వచ్చేదాకా రిగ్రెషన్ జోలికి పోకండి. మీ పనిలో ఎక్కువ భాగం ఆ అంకె రప్పించడానికే పోతుంది. పోనివ్వండి.

ఏమేం కావాలి

- ఆర్, ఆర్‌స్టూడియో. రెండూ ఉచితం. యూనివర్సిటీ లైసెన్స్ ఉంటే స్టాటా వాడుకోండి. పైథాన్ వచ్చినవాళ్లు పాండాస్, స్టాట్స్‌మోడల్స్‌తోనూ చేయొచ్చు. మీ గైడ్‌కి ఏది వచ్చో అదే వాడటం అన్నిటికంటే తెలివైన పని, ఇరుక్కున్నప్పుడు చూసేది ఆయనో ఆమో కదా.
- 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్.
- గణాంకాల మంత్రిత్వ శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో అకౌంట్. దీనికి డబ్బు కట్టక్కర్లేదు.
- మీరు తీసుకున్న ఏడాది వార్షిక నివేదిక పీడీఎఫ్, సర్వే ప్రశ్నపత్రం అయిన షెడ్యూల్ 10.4, డేటా లేఅవుట్, రీడ్‌మీ ఫైలు. ఈ నాలుగూ లేకుండా డేటా ఒక్కటే దించుకుంటే అంకెల కుప్ప మిగులుతుంది.

1. ప్రశ్నని ఒక్క వాక్యంలో రాసుకోండి

"భారతదేశంలో విద్య, ఉపాధి: ఒక విశ్లేషణ" అనేది ప్రశ్న కాదు. "2023-24లో 15 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న నెలజీతగాళ్లలో, ఒక ఏడాది అదనపు చదువుకి గంట వేతనం ఎంత శాతం తేడాతో ఉంది? ఆడవాళ్లకి, మగవాళ్లకి అది వేరా?" ఇది ప్రశ్న. ఎవరు, ఎప్పుడు, ఏ వేతనం అనే మూడూ వాక్యంలో ఉండాలి. ఏ వరుసలు ఉంచాలో, ఏవి తీసేయాలో తర్వాత ఈ వాక్యమే చెబుతుంది.

2. సరైన ఏడాది, సరైన ఫైలు దించుకోండి

పీఎల్‌ఎఫ్‌ఎస్ 2017 ఏప్రిల్‌లో మొదలైంది. 2023-24 వరకు వార్షిక నివేదికలు జూలై నుంచి జూన్ దాకా లెక్క, మొదటిది 2017-18. పట్టణాల్లో ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్తారు. పల్లెల్లో 2024 దాకా ఒక్కసారే వెళ్లేవారు. అందుకే ఫైళ్లు రెండు రకాలుగా ఉంటాయి: మొదటి విజిట్, రీవిజిట్. మీకు కావలసింది మొదటి విజిట్ ఫైళ్లే, ఒకటి కుటుంబాలది, ఒకటి మనుషులది. రెండు రకాల్నీ కలిపేస్తే పట్టణాల మనుషులు మళ్లీమళ్లీ లెక్కలోకి వస్తారు. ఈ తప్పు చేసినవాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఎక్కడా అడ్డం చెప్పదు.

హెచ్చరిక: 2025 జనవరి నుంచి సర్వే శాంపిల్ డిజైన్ మారింది. నమూనా పెద్దదైంది, నెలవారీ అంచనాలు మొదలయ్యాయి, పల్లెల్లోనూ రీవిజిట్లు వచ్చాయి. 2025 డేటాని పాత ఏళ్ల పక్కన పెట్టి "ఇంత పెరిగింది" అని రాసేముందు ఆ మార్పు గురించి మంత్రిత్వ శాఖ ఇచ్చిన నోట్ చదవండి. మొదటిసారి చేస్తున్నవాళ్లు 2023-24 లాంటి ఒక్క ఏడాదితో మొదలుపెట్టడం మేలు.

దించిన ఫైళ్లని "ముడి డేటా" అనే ఫోల్డర్లో పెట్టి, ఇక వాటిని ముట్టుకోకండి. మార్పులన్నీ స్క్రిప్టులోనే జరగాలి.

3. ఫైలు చదివించండి

చాలా ఏళ్ల డేటా టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. తెరిస్తే కామాలు, శీర్షికలు ఏమీ లేకుండా అంకెలు వరుసగా ఉంటాయి. ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏ వివరమో లేఅవుట్ ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. ఆర్‌లో రీడ్‌ఆర్ ప్యాకేజీ, స్టాటాలో ఇన్‌ఫిక్స్ కమాండ్ ఆ స్థానాల ప్రకారం విడగొడతాయి. మనుషుల ఫైల్లో కాలమ్స్ వందకి పైనే ఉంటాయి. వారంలో ఒక్కో రోజుకీ విడివిడిగా పని, గంటలు, కూలి రాస్తారు కాబట్టి అంత పొడుగు. మీకు కావలసిన పాతికో ముప్పైయో మాత్రమే చదివించండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు:

- ఏఐ టూల్‌ని కోడ్ అడిగితే కాలమ్ స్థానాలతో సహా చక్కగా రాసిస్తుంది. ఆ స్థానాలు చాలాసార్లు కల్పితం. స్థానాలు మీరే లేఅవుట్‌లోంచి తీసి ఇవ్వండి.
- ఒక ఏడాది లేఅవుట్‌తో ఇంకో ఏడాది ఫైలు చదివించడం. మధ్యలో ఒక్క కాలమ్ చేరినా ఆ తర్వాతవన్నీ జరిగిపోతాయి.
- సీఎస్‌వీ దొరికింది కదా అని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయడం. కోడ్ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

సరిచూసుకోవడం: 2023-24లో మొదటి విజిట్‌లో లక్ష పైచిలుకు కుటుంబాలు, దాదాపు 4.18 లక్షల మంది ఉన్నారు. కచ్చితమైన సంఖ్య నివేదిక మొదటి పేజీల్లోనే ఉంటుంది. మీ వరుసల లెక్క దానితో సరిపోవాలి. తర్వాత వయసు కాలమ్ చూడండి. 300 ఏళ్ల మనిషి కనబడితే స్థానాలు జరిగాయన్నమాట. రాష్ట్రం కోడ్లు కూడా చూడండి: ఇక్కడ ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36. జీఎస్టీలో ఆంధ్రప్రదేశ్ 37 కాబట్టి ఆ అలవాటుతో 37 ఫిల్టర్ చేసేవాళ్లున్నారు, జాగ్రత్త.

4. కుటుంబాల ఫైలుని మనుషుల ఫైలుకి కలపండి

కులవర్గం, మతం, నెల ఖర్చు కుటుంబాల ఫైల్లో ఉంటాయి. వయసు, చదువు, పని, జీతం మనుషుల ఫైల్లో ఉంటాయి. కలపడానికి కుటుంబం నంబరు ఒక్కటే చాలదు, ఆ నంబరు ప్రతి ఊళ్లోనూ 1 నుంచి మొదలవుతుంది. క్వార్టర్ (మూడు నెలల కాలం), ఎఫ్‌ఎస్‌యూ నంబరు (శాంపిల్‌లో పడిన ఊరు లేదా పట్టణ బ్లాక్), దానిలోని సబ్-బ్లాక్ నంబరు, రెండో దశ స్ట్రాటమ్ (కుటుంబాల్ని ఎంచుకునేముందు విడగొట్టిన గుంపు), కుటుంబం నంబరు అన్నీ జోడించి ఒక ఐడీ చేసుకోండి.

సరిచూసుకోవడం: ఈ ఐడీ కుటుంబాల ఫైల్లో ఒక్కటి కూడా రెండోసారి రాకూడదు. కలిపిన తర్వాత వరుసలు మనుషుల ఫైల్లో ఎన్ని ఉన్నాయో అన్నే ఉండాలి. పెరిగితే ఐడీలో ఏదో తగ్గింది.

5. వెయిట్లు కట్టండి

శాంపిల్‌లో ఉన్న ఒక్కో మనిషి దేశంలో ఎంతమందికి బదులుగా నిలబడ్డాడో వెయిట్ చెబుతుంది. ఫైల్లో ఉండే మల్టిప్లయర్‌ని ఉన్నదున్నట్టు వాడకూడదు. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే రెండు కాలమ్స్ ఉంటాయి. అవి రెండూ సమానమైతే మల్టిప్లయర్‌ని 100తో, సమానం కాకపోతే 200తో భాగించాలి. ఏడాది మొత్తానికి అంచనా కావాలంటే, దాన్ని మళ్లీ క్వార్టర్ల సంఖ్యతో భాగించాలి. మీ ఏడాది రీడ్‌మీలో ఉన్న సూత్రమే ప్రమాణం, నేను చెప్పినదానికి అది తేడాగా ఉంటే రీడ్‌మీనే నమ్మండి.

వెయిట్లన్నీ కూడితే వంద కోట్లు దాటాలి, అసలు జనాభా కంటే కొంత తక్కువ రావాలి. ఇలాంటి సర్వేల్లో అది మామూలే, కంగారుపడక్కర్లేదు. నాలుగు వందల కోట్లు దాటితే క్వార్టర్లతో భాగించడం మరిచిపోయారు. దానివల్ల శాతాలు పెద్దగా మారవు, మొత్తాలు మారిపోతాయి. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ షరతు మరిచిపోతే మాత్రం శాతాలు కూడా పక్కకి పోతాయి.

6. నివేదికలోని అంకె రప్పించండి

మొత్తం పనికి కీలకం ఇదే. 2023-24 నివేదికలో 15 ఏళ్లు, ఆపైన వయసువాళ్లకి సాధారణ స్థితి (గడిచిన 365 రోజుల్లో చేసిన పని) ప్రకారం ఇచ్చిన అంకెలివి: శ్రామిక భాగస్వామ్య రేటు 60.1 శాతం, అందులో మగవాళ్లకి 78.8, ఆడవాళ్లకి 41.7. పల్లెల్లో 63.7, పట్టణాల్లో 52.0. పనివాళ్ల నిష్పత్తి (జనాభాలో పనిచేస్తున్నవాళ్ల వాటా) 58.2. నిరుద్యోగ రేటు 3.2. దశాంశంతో సహా ఇవి మీకు రావాలి.

ఎలా కట్టాలంటే: ప్రధాన స్థితి (ఏడాదిలో ఎక్కువ కాలం ఉన్నది) కోడ్ 11 నుంచి 51 మధ్య ఉంటే పనిచేస్తున్నట్టు. ప్రధాన స్థితి అది కాకపోయినా, అనుబంధ స్థితి (దానితో పాటు కొంతకాలం చేసిన పని) ఆ కోడ్లలో ఉంటే అప్పుడూ పనిచేస్తున్నట్టే. ప్రధాన స్థితి 81 అయ్యి, అనుబంధ పని ఏదీ లేకపోతే నిరుద్యోగి. ఈ రెండు గుంపులూ కలిస్తే శ్రామిక శక్తి.

అంకె కలవకపోతే ఎక్కడ చూడాలి?

ఆడవాళ్ల రేటు బాగా తగ్గి, మగవాళ్లది దాదాపు సరిగ్గానే వస్తే అనుబంధ స్థితి వదిలేశారు. ఇంటి పనే ప్రధానమని రాయించి, కొన్ని నెలలు పొలానికి వెళ్లినవాళ్లు, గేదెల్ని చూసుకునేవాళ్లు అందులోనే ఉంటారు. నిరుద్యోగ రేటు 1.9 దగ్గర వస్తే హారంలో శ్రామిక శక్తి బదులు జనాభా వేశారు. 3.2 కంటే ఎక్కువ వస్తే, అనుబంధంగా పని ఉన్నవాళ్లని కూడా నిరుద్యోగుల్లో ఉంచారేమో చూడండి. అన్నీ కొంచెం కొంచెం తేడాగా ఉంటే వెయిట్లు. శ్రామిక భాగస్వామ్య రేటు, పనివాళ్ల నిష్పత్తి రెండూ బాగా తక్కువ వస్తే 15 ఏళ్ల లోపు పిల్లలు హారంలో ఉండిపోయారు.

ఇవి కలిశాక మీ రాష్ట్రానికి కూడా ఒకటి రెండు అంకెలు సరిచూడండి. ఈ పోలికని చిన్న టేబుల్‌గా చేసి డిజర్టేషన్ అనుబంధంలో పెట్టండి. నివేదిక అంకె ఒక కాలమ్, మీది ఒక కాలమ్. వైవాలో బయటి ఎగ్జామినర్‌కి మీ డేటా మీద అనుమానం ఉంటే చూపించడానికి దీన్ని మించింది లేదు.

7. వేతనం తయారు చేయండి

రెండో పెద్ద గొయ్యి ఇది. నెలజీతగాళ్లకి గడిచిన క్యాలెండర్ నెల జీతం అడుగుతారు. రోజుకూలీలకి గడిచిన ఏడు రోజుల్లో ఏ రోజు ఎంత కూలి వచ్చిందో విడిగా అడుగుతారు. స్వయం ఉపాధి వాళ్లకి గడిచిన 30 రోజుల ఆదాయం అడుగుతారు. మూడూ మూడు కొలతలు. వీటిని ఒకే కాలమ్‌లో పోసి లాగ్ తీసినవాళ్ల టేబుల్లో కూలివాడి ఆదాయం 600, గుమాస్తాది 18,000 అని పక్కపక్కన ఉంటాయి.

రోజుకూలీలనీ నెలజీతగాళ్లనీ కలపాలంటే రెంటినీ వారానికి, అక్కడినుంచి గంటకి తేవాలి. నెలకి 18,000, వారానికి 48 గంటలు పనిచేసే గుమాస్తా: 18,000ని 7తో హెచ్చించి 30తో భాగిస్తే 4,200. దాన్ని 48తో భాగిస్తే గంటకి 87.50. రోజుకి 600 చొప్పున ఐదు రోజులు, రోజుకి 8 గంటలు పనిచేసిన కూలీ: 3,000ని 40తో భాగిస్తే గంటకి 75. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, ఇలా ఒకరిద్దరి లెక్క కాగితం మీద చేసి, మీ స్క్రిప్టు ఇచ్చిన అంకెతో పోల్చండి.

మరిచిపోకూడనివి:

- ఆదాయం ప్రశ్నలు ప్రస్తుత వారపు స్థితికి (గడిచిన ఏడు రోజుల్లో చేసిన పనికి) ముడిపడి ఉంటాయి, సాధారణ స్థితికి కాదు. నెలజీతగాళ్లని వారపు కోడ్ 31తో తీయండి. ఉద్యోగం ఉండి ఆ వారం అనారోగ్యం వల్లో మరో కారణం వల్లో వెళ్లనివాళ్లు 71, 72. వాళ్లకి జీతం ఉంటుంది కానీ గంటలు సున్నా, గంట వేతనం కట్టలేరు. వాళ్లని వదిలేస్తే ఆ సంగతి రాయండి.
- జీతం సున్నా అని ఉన్నవాళ్లుంటారు. సున్నాకి లాగ్ లేదు. 1 కలిపి లాగ్ తీసే అలవాటు మానేయండి. ఎంతమందిని తీసేశారో సంఖ్య రాయండి, చాలు.
- పైనా కిందా చివరి 1 శాతం తీసేసి ఒకసారి, తీయకుండా ఒకసారి ఫలితం చూడండి. రెండూ దగ్గరగా ఉంటే నిశ్చింత.
- స్వయం ఉపాధి వాళ్లని మొదటి ప్రయత్నంలో కలపకండి. చిల్లరకొట్టు ఆదాయంలో చదువు వాటా ఎంత, పెట్టుబడి వాటా ఎంత అనేది వేరే డిజర్టేషన్.

ఒకటికంటే ఎక్కువ ఏళ్లు కలిపితే వేతనాల్ని ధరల సూచీతో సర్దండి, పల్లెకి పల్లె సూచీ, పట్టణానికి పట్టణ సూచీ.

8. చదువు, అనుభవం

చదువు కోడ్ 01 నిరక్షరాస్యులది, 13 పీజీ, ఆపైన. మధ్యలో 09 అనే కోడే లేదు, అది కనబడలేదని వెతుక్కోకండి. ఇంటర్ 10, డిప్లొమా 11, డిగ్రీ 12. మూడేళ్ల బీఏ, నాలుగేళ్ల బీటెక్ రెండూ 12లోనే పడతాయి. మన రెండు రాష్ట్రాల డేటా మీద పనిచేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అందుకే కోడ్‌ని ఏళ్లుగా మార్చే బదులు, ఎన్నేళ్లు చదివారు అని నేరుగా అడిగిన కాలమ్ వాడండి. కోడ్‌ని డమ్మీలుగా (అవునైతే 1, కాకపోతే 0) పెట్టి రెండో టేబుల్ చేయండి. డమ్మీలకి ఆధారవర్గంగా ఎక్కువమంది ఉన్నదాన్ని ఎంచుకోండి.

అనుభవం ఎన్నేళ్లో సర్వే అడగదు. వయసులోంచి చదివిన ఏళ్లు, మరో 6 తీసేస్తే వచ్చేదే వాడుక. రుణాత్మకంగా వచ్చినవాళ్లని విడిగా చూడండి.

హెచ్చరిక: వయసు, చదువు, అనుభవం మూడూ ఒకే సమీకరణంలో పెట్టకండి. మూడోది మొదటి రెంటి లెక్కే కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని పీకేస్తుంది. "సార్, నా వేరియబుల్ ఎక్కడికి పోయింది" అని వచ్చేవాళ్లలో సగం మంది సంగతి ఇదే.

9. రిగ్రెషన్ నడపండి

ఒకేసారి అన్నీ వేయకుండా మూడు మెట్లు:

మొదటిది: లాగ్ గంట వేతనం = చదువు + అనుభవం + అనుభవం వర్గం (స్క్వేర్).
రెండోది: దానికి ఆడ/మగ, పల్లె/పట్టణం, కులవర్గం, రాష్ట్రాల డమ్మీలు చేర్చండి.
మూడోది: చదువుని ఆడ/మగ డమ్మీతో హెచ్చించిన పదం చేర్చండి.

ప్రామాణిక దోషాల్ని (స్టాండర్డ్ ఎర్రర్లని) ఎఫ్‌ఎస్‌యూ స్థాయిలో క్లస్టర్ చేయండి. ఒకే ఊరివాళ్ల వేతనాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి. ఆర్‌లో ఫిక్సెస్ట్ ప్యాకేజీ ఈ పని చిటికెలో చేస్తుంది. శాంపిల్ డిజైన్ పూర్తిగా లెక్కలోకి తీసుకోవాలంటే సర్వే ప్యాకేజీ, స్టాటాలో ఎస్‌వీవై కమాండ్లు ఉన్నాయి. వెయిట్లతో ఒకసారి, లేకుండా ఒకసారి నడిపి రెండూ చూపించండి. బాగా తేడా వస్తే చదువు ప్రభావం అందరికీ ఒకేలా లేకపోవచ్చు. ఏ వర్గాల్లో తేడా ఉందో వెతకండి, డిజర్టేషన్‌లో రాయడానికి మంచి సరుకు అక్కడే దొరుకుతుంది.

వృత్తి, పరిశ్రమ డమ్మీలు మాత్రం ఆలోచించి పెట్టండి. చదువు జీతాన్ని పెంచే దారే మంచి ఉద్యోగం. ఆ ఉద్యోగాన్నే అదుపులో పెడితే చదువు గుణకం చిక్కిపోతుంది, అదేదో కొత్త సంగతి కనుక్కున్నట్టు రాస్తారు.

10. గుణకాల్ని సరిగ్గా చదవండి

చదువు గుణకం 0.08 వచ్చిందనుకోండి. ఏడాదికి సుమారు 8 శాతం అని చదవొచ్చు. ఆడవాళ్ల డమ్మీ -0.40 వస్తే 40 శాతం తక్కువ అనకూడదు. e కి -0.40 ఘాతం లెక్కిస్తే 0.67, అంటే 33 శాతం తక్కువ. డమ్మీ 0.50 అయితే 65 శాతం ఎక్కువ. చిన్న గుణకాలకి ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, పెద్దవాటికి తప్పదు.

అనుభవం గుణకం 0.04, దాని వర్గం గుణకం -0.0005 అయితే జీతం 40 ఏళ్ల అనుభవం దాకా పెరిగి తర్వాత తగ్గుతుందన్నమాట. ఆ మలుపు 200 ఏళ్ల దగ్గర వస్తే ఎక్కడో పొరపాటుంది. వర్గం గుణకం ధనాత్మకంగా వచ్చినా అంతే, ముందు శాంపిల్‌లో వయసులు చూడండి.

11. రాసేటప్పుడు, వైవాలో

ఆర్-స్క్వేర్ (వేతనాల తేడాల్లో మీ సమీకరణం వివరించే వాటా) 0.3, 0.4 వస్తే సిగ్గుపడక్కర్లేదు, మనుషుల మీద డేటాలో అది మామూలే. దాన్ని పెంచడానికి చేతికొచ్చిన వేరియబుల్స్ కుక్కకండి. ఒక ఏడాది డేటాకి డర్బిన్-వాట్సన్ (కాలక్రమ డేటాలో ఒక దోషానికీ తర్వాతి దోషానికీ సంబంధం చూసే పరీక్ష) విలువ రాయకండి. మనుషుల వరుసక్రమానికి అర్థం లేనప్పుడు ఆ పరీక్షకీ లేదు. అయినా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు, పాత డిజర్టేషన్ల టేబుల్ నమూనా కాపీ కొట్టడం వల్ల.

"సామర్థ్యం ఎక్కువున్నవాళ్లే ఎక్కువ చదువుతారు కదా, ఇది చదువు ప్రభావమేనా" అని తప్పక అడుగుతారు. నిజాయతీగా ఒప్పుకుని, "కారణం" అనే మాట బదులు "తేడా", "సంబంధం" అని రాయండి. తల్లిదండ్రుల చదువుని ఇన్‌స్ట్రుమెంట్‌గా (చదువు ద్వారా మాత్రమే జీతాన్ని మార్చే వేరియబుల్‌గా) వాడమని ఎవరైనా సలహా ఇస్తే ఆలోచించండి: అది నేరుగా జీతం మీద కూడా ప్రభావం చూపొచ్చు. పైగా ఈ సర్వేలో తల్లిదండ్రుల చదువు తెలిసేది, వాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లకే. పెళ్లయి అత్తగారింటికి వెళ్లిన అమ్మాయిలు, ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లినవాళ్లు ఆ లెక్కలోంచి జారిపోతారు. మిగిలిన శాంపిల్ మీరు అడిగిన ప్రశ్నకి సంబంధించింది కాదు.

జిల్లా స్థాయి ఫలితాలు అడిగితే, 2025కి ముందు సర్వే జిల్లా అంచనాల కోసం రూపొందించింది కాదని చెప్పండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడివిడిగా చేస్తే ప్రతి గడిలో ఎంతమంది ఉన్నారో టేబుల్ కింద రాయండి. ఒక గడిలో ముప్పై మందే ఉంటే దాని మీద పేరా రాయకండి.

మీరు ఎంచుకున్న ప్రశ్నకి పీఎల్‌ఎఫ్‌ఎస్ సరిపోదనిపిస్తే వేరే దారులున్నాయి. ఒకే కుటుంబాల్ని రెండుసార్లు చూడాలంటే 2004-05, 2011-12లో చేసిన ఐహెచ్‌డీఎస్ (ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే) ఉంది. ఖర్చుల మీదైతే 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే, ఆరోగ్యం మీదైతే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే). చివరిదానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాలి, కాబట్టి ముందే పెట్టుకోండి.

12. ఇచ్చేముందు

స్క్రిప్టులకి 01 చదవడం, 02 కలపడం, 03 వెయిట్లు, 04 సరిచూపు, 05 రిగ్రెషన్ అని వరుస నంబర్లు పెట్టండి. ముడి డేటాతో పాటు ఆ ఫోల్డర్‌ని స్నేహితుల ల్యాప్‌టాప్‌లో వేసి మొదటినుంచి నడపమనండి. సాధారణంగా ఆగిపోయేది ఫైలు దారి దగ్గర, మీ డెస్క్‌టాప్ చిరునామా కోడ్‌లో ఉండిపోయి ఉంటుంది. తర్వాత ప్యాకేజీ వెర్షన్ దగ్గర. రెండూ సరిచేసి మళ్లీ నడపండి. టేబుళ్లలో అంకెలు మీ వర్డ్ ఫైల్లో ఉన్నవాటితో ఒక్కటొక్కటిగా పోల్చండి. చేత్తో టైపు చేసిన టేబుళ్లలో తప్పు దొరకని డిజర్టేషన్ నేనింతవరకు చూడలేదు, కాబట్టి టేబుల్‌ని నేరుగా ఎగుమతి చేసే మోడల్‌సమ్మరీ లాంటి ప్యాకేజీ వాడండి. స్టాటాలో అయితే ఎస్ట్‌టాబ్.